చేపాక్ మైదానము: గోడమీది వ్రాతలు

మా చింతాద్రిపేట స్టేషనులో రైలెక్కినవారు మరుసటి స్టేషనులో దిగినచో చేపాక్ క్రికెట్టు మైదానము చెంతనే దిగుదురు. వంతెనలమీదుగా పోవు ఈ రైలుదారి 1995లో బీచ్ స్టేషను మొదలుకొని చేపాక్ వఱకు తెఱవబడినది. ఆట జరుగు సాయంకాలములందు ఆ పెట్టెలన్నియు పసుపుపచ్చని చొక్కాలతో నిండిపోవును. ఆ గుంపులో మన యిండ్ల పిల్లలును ఉందురు. వారిలో మా యింటివానినే యొకనిని ఆపి, "ఏరా అబ్బీ, ఈ ఊళ్లో మనవాళ్ల కోసం మొదట్లో క్రికెట్టు క్లబ్బు పెట్టిన ఆయన ఎవరో తెలుసునా?" అని యడిగితిమి. వాడు కొంత తడవు ఆలోచించి, తన చొక్కా వీపుమీద అచ్చువేసియున్న పేరు చెప్పెను.

వాని తప్పేమియు లేదు. వానికి చదువ దొరకిన పేరు అదియొక్కటే. పెద్దల పేర్లు పిల్లలకు రక్తముతో రావు. ఎచ్చటనో వ్రాసియుండి, కంటబడి, చదువబడి వచ్చును. అందుచేత ఈ మైదానపు ద్వారములు, మెట్లు, గోడలు, వానిమీది అక్షరములు చూచువారికి ఏమి చెప్పుచున్నవి, ఏమి చెప్పకున్నవి అను విషయమును కొంత పరిశీలింప దలచితిమి.

అక్షరమును, రంగును, గుర్తును, బొమ్మను ఒక పద్ధతిగా కూర్చి, చూపరి కొక విషయము తెలియజేయు కళను నేడు గ్రాఫిక్ డిజైన్ అనుచున్నారు. పేరు క్రొత్తదే గాని పని పాతది. దేవాలయపు శిలాశాసనమును, అంగడి పేరుపలకయు, పుస్తకపు అట్టయు ఈ కళలోనివే. ఇందు రెండు ధర్మములు కలవు. ఒకటి దారి చూపుట, రెండవది జ్ఞాపకము చేయుట. గుమాస్తాగా పనిచేసిన కాలమున మే మొక సంగతి గ్రహించితిమి. అట్టమీద పేరులేని దస్త్రము బీరువాలోనే యున్నను పోయినదానితో సమానము. అట్టమీద అంకె మాత్రమే యున్న దస్త్రము దొరకును గాని, అందేమున్నదో విప్పిన గాని తెలియదు. ఒక పెద్ద కట్టడము విషయమున సైతము ఇట్లే యని మా యభిప్రాయము.

మొదట మైదానపు చరిత్ర కొంచెము స్మరింతము. మద్రాసు క్రికెట్టు క్లబ్బు 1846లో తెల్లదొరలచే స్థాపింపబడినది. తరువాతి కాలమున అది చేపాక్‌నకు చేరినది. 1934 ఫిబ్రవరిలో ఇంగ్లండుతో ఇచ్చట మొదటి టెస్టు జరిగెను. ఆ సంవత్సరము నవంబరు 4వ తేదీన రంజీట్రోఫీ చరిత్రలోని మొదటి పోటీ మద్రాసు, మైసూరు జట్ల నడుమ ఇచ్చటనే జరిగి ఒక్కరోజులో ముగిసెను. భారతదేశము తన మొట్టమొదటి టెస్టు విజయమును 1952 ఫిబ్రవరిలో ఈ నేలమీదనే పొందెను. 1986లో ఆస్ట్రేలియాతో జరిగిన టెస్టు సరిసమానముగా ముగియుటయు ఇచ్చటనే. తరువాత ఈ మైదానమునకు ఎం. ఎ. చిదంబరం గారి పేరు పెట్టబడినది.

2009 మొదలు 2011 వఱకు, ప్రపంచకప్పు పోటీల నిమిత్తము, ఇది చాలవఱకు తిరిగి కట్టబడినది. లండనుకు చెందిన హాప్‌కిన్స్ వాస్తుశిల్పుల సంస్థ, ఈ యూరి నటరాజ్ అండ్ వెంకట్ సంస్థ కలసి ఈ పని నిర్వహించినవి. పూర్వము కాంక్రీటు కప్పులును, చూపున కడ్డమువచ్చు స్తంభములును ఉండెడివి. అవి పోయి, తీగలతో లాగి కట్టిన పల్చని తెల్లని పొరల కప్పులు వచ్చినవి. కూర్చుండు మెట్లకు 36 డిగ్రీల వాలు కల్పించిరి. సముద్రపుగాలి లోనికి వచ్చుటకు వీలు చేసిరి. ఆ గాలి బంతి వంపునకు తోడ్పడునని ఆటగాండ్ర నమ్మకము. 2023 మార్చి 17వ తేదీన ముఖ్యమంత్రి స్టాలిన్ గారు కరుణానిధి గారి పేరిట మరియొక క్రొత్త స్టాండును ప్రారంభించిరి.

ఈ కప్పుల విషయమున మాకు ప్రశంసయే గాని వేరు లేదు. సాయంత్రపు వెలుగులో వానిని దూరమునుండి చూచినచో ఆరవేసిన ధోవతులు గాలికి ఉబ్బినట్లు తోచును. ఈ పోలిక మాకు ఊరక తోచినది కాదు. మా చింతాద్రిపేట పుట్టినదే బట్టకొఱకు. 1734లో గవర్నరు జార్జి మార్టన్ పిట్టు కాలమున, కూవము నది వంపులో, సుంకురామశెట్టి తోట యుండిన తావున, నూలు వడుకువారిని, నేతగాండ్రను, బట్టలమీద రంగుబొమ్మలు వ్రాయువారిని, చాకళ్లను తెచ్చి కాపురముంచిరి. చిన్న తఱి, అనగా చిన్న మగ్గము, అను తమిళ పదమునుండియే చింతాద్రిపేట అను పేరు వచ్చినదని చెప్పుదురు. బట్టమీద గీత గీసి, రంగునింపి, సముద్రము దాటించి, చూచినవారికి ఈ తీరపు పేరు జ్ఞాపకము వచ్చునట్లు చేసిన ఆ పనివారు ఈ యూరి తొలి గ్రాఫిక్ డిజైనర్లు అనినచో అతిశయోక్తి కాదు. వారు వసించిన పేటకు ఒక్క స్టేషను దూరమున బట్టవంటి కప్పు నిలిచినది. ఆ కప్పు కట్టినవారికి ఈ పోలిక తట్టినదో లేదో గాని, ఆ పొరలక్రింది మెట్లమీద, గోడలమీద ఒక కలంకారీ అంచు గీసియున్నచో ఎంత యుచితముగా నుండెడిది!

ఇక అక్షరముల కడకు వత్తము. ఈ మైదానమున చాల స్టాండ్లకు పేర్లు లేవు. సి, డి, ఇ, ఎఫ్ అని ఆంగ్లాక్షరములే వాని పేర్లు. టిక్కెట్టు పట్టుకొని వచ్చినవానికి ఇవి మిక్కిలి సుకరములు. దారి చూపు ధర్మమున ఈ వ్రాతలకు లోపము లేదని మేము నిష్పక్షపాతముగా ఒప్పుకొందుము. వేలకొలది జనము గుమిగూడు చోట పెద్ద యక్షరము, తేటరంగు, బాణపు గుర్తు ప్రాణరక్షకములు కూడ. కాని జ్ఞాపకము చేయు ధర్మమున ఇవి మూగలు. ఐ, జే, కే అను మూడు స్టాండ్ల కథ చూడుడు. పునర్నిర్మాణమున లేచిన ఈ మూడును కట్టడపు అనుమతుల వివాదములచే పెక్కు సంవత్సరములు మూతబడి, 2021లో ఇంగ్లండు టెస్టునాడు మరల తెఱువబడినవి. అన్నాళ్లు పత్రికలలో నిత్యము కనబడిన ఆ మూడక్షరములకు ఏర్పడిన కీర్తి వివాదము వలన వచ్చినదే గాని, ఆట వలన వచ్చినది కాదు.

అక్షరములు కాని పేర్లు కూడ లేకపోలేదు. బంతి వేయు ఒక కొన అన్నా పెవిలియన్ పేరిటను, రెండవ కొన వి. పట్టాభిరామన్ ద్వారము పేరిటను పిలువబడుచున్నవి. నాయకులకును, క్రీడాసంఘములను నడపినవారికిని చేయు ఈ గౌరవమును మేము కాదనము. అయినను వాలాజా రోడ్డు వైపు నిలిచి, తల యెత్తి చూచు సామాన్యునికి, ఆ మైదానమున బ్యాటు పట్టినవారి పేరు కంటబడుట అరుదు. ఆటదినమున కంటబడునది పసుపురంగు, సింహపుతల గుర్తు, వర్తకుల ప్రకటనలు. 2008లో పుట్టిన జట్టు రంగు శతాబ్దముదాటిన మైదానపు రంగైనది. దీనిని మేము నిందించుట లేదు. ఒకే రంగును, ఒకే గుర్తును విడువక వాడినచో ప్రజల మనస్సున ఎట్లు నాటుకొనునో ఆ జట్టువారు మనకు నేర్పిరి. చరిత్ర వ్రాయువారు అంత పట్టుదలతో పనిచేయకపోవుటయే మా విచారము.

ఏ పేరు కొఱకు ఇంత చెప్పుచున్నా మనిన, అది బుచ్చిబాబు నాయుడు గారి పేరు. మోదవరపు వెంకటమహీపతి నాయుడు అనునది ఆయన పూర్తిపేరు. 1868లో తెలుగు దుబాసీల కుటుంబమున జన్మించిరి. ఆ దినములలో చేపాక్‌లో తెల్లవారితో ఆడుటకు వచ్చిన మనవారికి పెవిలియనులో ప్రవేశము లేదనియు, వారు చెట్లక్రింద కూర్చుండి భోజనము చేయవలసి వచ్చెడిదనియు ఆటచరిత్ర వ్రాసినవారు చెప్పుదురు. ఈ యవమానమునకు బుచ్చిబాబు గారు అలుగలేదు, అర్జీలు పెట్టలేదు. 1888లో మద్రాసు యునైటెడ్ క్లబ్బును స్థాపించి, మనవారికి బ్యాట్లు, బంతులు, మైదానము సమకూర్చిరి. ఇరువది సంవత్సరములు గడచిన పిదప, మనవారికిని తెల్లవారికిని ఏటేట ఒక పోటీ జరుగునట్లు ఒప్పించిరి. 1908 డిసెంబరులో ఆ తొలి పోటీ జరుగక ముందే కన్నుమూసిరి. తరువాత సంక్రాంతి దినములలో జరుగు ఆ ప్రెసిడెన్సీ పోటీ ఈ యూరి వేడుకలలో నొకటియైనది.

ఆయన కుమారులలో ఒకరైన కోట రామస్వామి గారు 1922లో డేవిస్ కప్పు టెన్నిసులోను, 1936లో ఇంగ్లండుపై క్రికెట్టు టెస్టులలోను భారతదేశము పక్షమున ఆడిరి. నలుబదేండ్ల వయస్సున మాంచెస్టరులో తొలిటెస్టు ఆడి 40, 60 పరుగులు చేసిరి. 1934లో చేపాక్ మొదటి టెస్టున భారతజట్టు నాయకుడు నాగపురమున పుట్టిన మన తెలుగుబిడ్డ సి. కె. నాయుడు గారు. బుచ్చిబాబు గారి పేరిట జరుగు టోర్నమెంటు కొన్నియేండ్లు ఆగి, 2023లో మరల ఆరంభమైనది. పేరు పత్రికలలో కలదు, పట్టికలలో కలదు. కాని మేము నడచిన దారులలో, ఎక్కిన మెట్లమీద, చెట్లక్రింద అన్నము తిన్న ఆ మనుష్యుల కథ చెప్పు వ్రాత మా కంటబడలేదు. ఆ పాత పెవిలియనును ఈనాడు లేదు. అది పోయినందుకు మేము వగవము. కాని అది పోవుటతో దానిలోనికి రానీయబడనివారి కథ సైతము పోవుట న్యాయము కాదు.

ఇతర దేశములలో ఈ పని ఎట్లు చేసిరో చూతము. లండనులోని లార్డ్స్ మైదానమున 1923లో డబ్ల్యు. జి. గ్రేస్ పేరిట ఇనుప ద్వారము నిలిపిరి. ఆ వ్రాతలో ఆయన పేరు, జనన మరణ సంవత్సరములు, గొప్ప క్రికెట్టు ఆటగాడను భావము గల చిన్నమాట కలవు. అచ్చటి డిజైను గొప్పతనము ఆ మితభాషిత్వముననే యున్నది. ఆ ద్వారమున పోవు ప్రతివాడును ఆ పేరు ప్రక్కగా పోవలసినదే. అదే నగరమున ఆర్సెనల్ ఫుట్‌బాల్ జట్టు 2006లో తన పాత మైదానమును విడిచి క్రొత్తదానికి పోయినప్పుడు, అది గాజును ఉక్కును మాత్రమే గాని మాది కాదని అభిమానులు బెంగపడిరి. 2009లో జట్టువారు ఎనిమిది పెద్ద చిత్రపటములు చేయించిరి. ఒక్కొక్కదానిలో నలుగురు పూర్వపు ఆటగాండ్రు భుజములమీద చేతులు వేసికొని, వీపులు మనవైపు త్రిప్పి నిలిచియుందురు. ఆ ఎనిమిది పటములును కలసి స్టేడియమును చుట్టి కౌగిలించుకొన్నట్లుండును. ఏ యొక్కరి ముఖమును పెద్దదిచేయక అందఱిని ఒక వరుస చేసిన ఆ ఊహ మాకు మెచ్చుదగినదిగా తోచినది. 2023లో వాని స్థానమున క్రొత్తపటములు వచ్చినవి. జ్ఞాపకమునకు గూడ అప్పుడప్పుడు రంగు వేయవలెనని వారెఱుగుదురు.

మన యూరిలోనే ఇంకొక యుదాహరణము కలదు. మా పేటకు ఉత్తరపు దిక్కున పూర్వము కార్పొరేషను స్టేడియము అనబడినదానియందు 1956 జనవరిలో వినూ మంకడ్, పంకజ్ రాయ్ గార్లు న్యూజిలాండుపై మొదటి వికెట్టునకు 413 పరుగులు చేసిరి. ఆ ప్రపంచ రికార్డు 2008 వఱకు నిలిచెను. ఆ స్టేడియము 1993లో పునర్నిర్మింపబడి, నెహ్రూ గారి పేరిట ఫుట్‌బాలునకు, పరుగుపందెములకు నెలవైనది. ఆట మారవచ్చును, కట్టడము మారవచ్చును. కాని 413 అను మూడంకెలు ఒక గోడమీద పెద్దవిగా వ్రాసియున్నచో, ‘ఇదేమి?’ అని యడుగని పిల్లవాడుండునా? అంకె సైతము బొమ్మయే. చరిత్ర చెప్పుటకు ఎల్లప్పుడు నిలువెత్తు విగ్రహమే అక్కఱలేదు.

పాతకట్టడపు ఛాయాచిత్రము నొకదానిని పెద్దదిచేసి గోడకంటించుట వారసత్వమును చెప్పుట కాదని కూడ ఇచ్చట మనవి చేయవలెను. అట్టిది అలంకారము మాత్రమే. చూచినవాడు ‘బాగున్నది’ అని పోవును. ఎవరు, ఎప్పుడు, ఎచ్చట, ఎందులకు అను నాలుగు ప్రశ్నలకు చిన్న యక్షరములలో సమాధానము చెప్పునదే నిజమైన వ్రాత. చేపాక్ ప్రేక్షకులు అట్టి చిన్న యక్షరము చదువగలవారు. 1999 జనవరిలో పాకిస్తాను జట్టు 12 పరుగుల తేడాతో గెలిచినప్పుడు, ఓడిన దుఃఖమును దిగమ్రింగి లేచి నిలిచి చప్పట్లు కొట్టినవారు ఈ మెట్లమీదివారే. అట్టివారికి ప్రకటనలు మాత్రమే చాలునని తలచుట వారిని తక్కువచేయుట.

ఇచ్చట ఒక యాక్షేపణ రాగలదు. ‘ఇది తమిళదేశము. ఇచ్చటి గోడమీద తెలుగువారి పేరు వ్రాయుమనుట పేచీకి మూలము గాదా?’ అని కొందఱు మన సంఘమువారే శంకింతురు. మా యుత్తరమిది: మేము గోడమీద తెలుగక్షరము కోరుట లేదు. బుచ్చిబాబు గారు తెలుగువారి కొఱకు మాత్రము క్లబ్బు పెట్టలేదు. తమిళులు, తెలుగువారు ఎల్లరును అందు ఆడిరి. ఆయన కథను తమిళమునను ఆంగ్లమునను వ్రాసిన చాలును. అది ఈ నగరపు కథ. 2025 అక్టోబరులో విశాఖపట్టణపు స్టేడియమున ఒక స్టాండునకు మిథాలీ రాజ్ పేరును, ఒక ద్వారమునకు రావి కల్పన పేరును పెట్టిరి. మిథాలీ తమిళ కుటుంబమున పుట్టి హైదరాబాదున పెరిగినది. తెలుగు గడ్డమీద ఆమె పేరు వ్రాయుటకు ఎవరికిని సంకోచము కలుగలేదు. ఇరుగుపొరుగున అట్టి మర్యాద ఇచ్చిపుచ్చుకొనదగినదే.

ఇతరులను విమర్శించిన తరువాత మన యింటిని కూడ చూచుకొనవలెను గదా! ఈ నగరమున అంగళ్ల పేరుపలకలమీద తమిళమునకు ఐదు పాళ్లు, ఆంగ్లమునకు మూడు, ఇతర భాషకు రెండు పాళ్ల చోటు ఇచ్చు నియమము కలదు. ఆ రెండు పాళ్లు మనవే. వానిని మనలో ఎందఱు వాడుకొనుచున్నారు? ఒక యుగాదికి మేము చేయించిన ఫ్లెక్సు బ్యానరు ఉదంతము చెప్పుటకు సిగ్గగుచున్నది. అచ్చువేసినవారి యంత్రమున తెలుగు వత్తులు కుదురక, ‘శుభాకాంక్షలు’ అనుమాటలో ‘క్ష’ రెండుగా విరిగి, పొల్లు ‘క్’ ఒకచోట, ‘ష’ ఒకచోట పడినవి. బ్యానరు మూడు దినములు వాకిట వ్రేలాడెను. వచ్చినవారు, ఫొటోలు తీసికొన్నవారు, ఉపన్యసించినవారు ఎవరును దానిని గమనింపలేదు. గమనింపవలసినవారము మేమే, మేమును గమనింపలేదు. వావిళ్లవారు పుస్తకములు అచ్చొత్తిన ఊరిలో, 1947లో చందమామ పుట్టిన ఊరిలో, బాపు గారు చేతివ్రాతనే అచ్చక్షరముగా మార్చుకొనిన తెలుగుజాతికి ఇచ్చిపోయిన ఊరిలో మనము విరిగిన వత్తును వాకిట గట్టుకొంటిమి. ఇట్టి మేము చేపాక్ గోడను నిలదీయుటకు ముందు మన గోడను దిద్దుకొనుట న్యాయము.

కావున మా సూచనలు రెండు. మొదటిది క్రీడాసంఘపు పెద్దలకు. అక్షరముల పేర్లు మార్చ నక్కఱలేదు. సి స్టాండు సి స్టాండుగనే యుండవచ్చును. కాని ప్రతి స్టాండు మెట్ల మొదట, మనిషి కన్నెత్తున, చేతివెడల్పు పలకమీద ఒక కథ వ్రాయింపుడు. ఒకచోట 1934లోని రంజీ పోటీ, ఒకచోట 1952 విజయము, ఒకచోట 1986 సరిసమానము, ఒకచోట 1999 చప్పట్లు. మనుష్యులు భోజనము తెచ్చుకొను చోట మాత్రము ఒక చెట్టు బొమ్మ గీయించి, దాని నీడలో బుచ్చిబాబు గారి పేరును, 1888 అను సంవత్సరమును ఉంచుడు. పెవిలియను బొమ్మ వద్దు. చెట్టే చాలును. దాని చుట్టు మా చింతాద్రిపేట రంగుబట్టల అంచును పోలిన గీత నొకదానిని గీసినచో, పొరుగుపేటకు గూడ గౌరవము చేసినట్లగును.

రెండవది మనకు. పూర్వము మౌంటురోడ్డున సినిమా బోర్డులు చేతితో వ్రాసిన చిత్రకారుల పని ఫ్లెక్సు వచ్చిన తరువాత సన్నగిల్లినది. అట్టి చేతిపనివా డొకడు మా పేటలో నేటికిని ఉన్నాడు. అతడు తమిళుడు, తెలుగు చదువనేరడు. గీసియిచ్చినదానిని గీతకు గీత దించగలడు. మన సంఘపు హాలు వాకిట బుచ్చిబాబు గారి పేరుపలక నొకదానిని, నియమము ప్రకారము ఐదు, మూడు, రెండు పాళ్లలో, మూడు లిపులలో వ్రాయించుటకు అతనికి చెప్పియున్నాము. తెలుగువరుస కాగితముమీద పెద్దదిగా గీసి యిచ్చినది మా యింటి పసుపుచొక్కా పిల్లవాడే. మొదట గీసినదానిలో ‘చ్చి’ క్రింది వత్తు మఱచినాడు. రెండవసారి దిద్దినాడు. వచ్చే ఆదివారము రంగు వేయునప్పుడు నిచ్చెన ప్రక్క నిలిచి, ఆ వత్తు సరిగా పడినదో లేదో చూచు పని గూడ వానికే అప్పగించితిమి.